జపనీస్ పాటలో గొంతు చేసే పని: కొబుషి, ఉనారి, గుయిన్, నో, గిదాయూ

శ్రుతిపెట్టె:
అందరికీ నమస్కారం. కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను, వర్ణాలు దాటి కృతుల్లోకి వచ్చాను. ఈమధ్య జపాన్ గాయని మిసొరా హిబారి పాటలు వినడం మొదలుపెట్టి ఆపలేకపోతున్నాను. స్వరాలు రాసి చూసుకుంటే కొన్ని పాటలు స రి గ ప ద లోనే తిరుగుతున్నాయి, అంటే మన మోహన రాగం. కానీ మోహనం విన్న భావన ఒక్క క్షణం కూడా కలగదు. అక్షరం చివర ఆమె గొంతు చిన్న మెలిక తిరుగుతుంది, వెంటనే సన్నబడి పైకి వెళ్ళిపోతుంది. గమకం అనుకుని పాడబోతే వేరేగా వస్తోంది. దాన్ని కొబుషి అంటారని చదివాను. గమకానికీ దానికీ తేడా ఏమిటి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, ఎంత పొడుగైనా చదువుతాను.

ఒసాకావాసి:
మంచి చోటే మొదలుపెట్టారు. హిబారి (1937–1989) చిన్నపిల్లగా వేదికెక్కి, రకరకాల పాటలు అదే గొంతుతో పాడినావిడ. ఆమె చేసేవన్నీ ఒక్క కొబుషి కిందే పెట్టేస్తే అర్థం కావు, విడదీసి వినాలి.

కొబుషి అంటే పట్టి ఉంచిన అచ్చు మీద చటుక్కున వచ్చిపోయే మెలిక. అసలు స్వరం నుంచి పక్క స్వరానికి తాకి తిరిగి వస్తుంది, అంతే. యూరి అంటే ఊపు: స్వరాన్ని నిలబెట్టి, కాసేపు కదలకుండా ఉంచి, ఆ తర్వాతే ఊపడం మొదలుపెడతారు. ఎన్కా అనే జనరంజక పాటల బాణీలో ఆ ఊపు వెడల్పుగా, నెమ్మదిగా ఉంటుంది. షకురి అంటే కింది నుంచి స్వరంలోకి ఎక్కడం. ఉనారి అంటే గొంతును గుర్రుమనిపించడం. 1964లో మియాకో హరుమి అనే గాయని వచ్చాక సినిమాపాటలు వినే సామాన్యుడికి కూడా ఆ గుర్రు పరిచయమైంది.

ఇవేవీ ఎన్కాలో పుట్టినవి కావు. ఉనారి, ఆ జీర గొంతు రోక్యోకు నుంచి వచ్చాయి. షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యం తోడుగా ఒక్కరే కథ చెబుతూ, సంభాషణలు పలుకుతూ, మధ్యలో పాడే కళ అది. తోచూకెన్ కుమొఎమొన్ (1873–1916) అనే కళాకారుడి కాలానికి వీధి నుంచి పెద్ద నాటకశాలలకు ఎక్కింది. కొబుషి మాత్రం ఎక్కువగా జానపదం, అంటే మిన్యో నుంచి వచ్చింది. ఇక ఎన్కా అనే ఈ పాటల బాణీకి ఆ పేరు స్థిరపడింది 1960ల చివర్లోనే. దాన్ని ప్రాచీన సంగీతం అనుకుని వినేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకే చెబుతున్నాను.

వీణటీచర్:
శ్రుతిపెట్టె అమ్మాయ్, నీ మోహనం లెక్క సరైనదే. నాలుగో స్వరం, ఏడో స్వరం తీసేసిన స్వరవరుసను అక్కడ యొనానుకి అంటారు. మేజర్ వరుసలోంచి తీస్తే మోహనం. మైనర్‌లోంచి తీస్తే స రి గ ప ద వస్తాయి, కానీ సాధారణ గాంధారం, శుద్ధ ధైవతంతో. శివరంజని చాయ కొట్టినట్టుంటుంది కానీ ధైవతం దగ్గర తెలిసిపోతుంది. ఈ యొనానుకి మెయిజీ కాలంలో (1868–1912) బడిపాటల కోసం పాశ్చాత్య స్వరాలనూ దేశవాళీ చెవినీ కలిపి కుదుర్చుకున్నది. పాత సంగీతపు లెక్క వేరు.

కొయిజుమి ఫుమియో (1927–1983) అనే సంగీత పరిశోధకుడు ఆ పాత లెక్కను విప్పి చూపించాడు. షడ్జం నుంచి శుద్ధ మధ్యమం దాకా ఒక చట్రం వేసుకో. ఈ రెండు కొసలూ కదలవు. మధ్యలో ఒకే ఒక్క స్వరం, అది కదులుతుంది. శుద్ధ రిషభం పెడితే మియాకోబుషి, చతుశ్రుతి రిషభం పెడితే రిత్సు, సాధారణ గాంధారం పెడితే మిన్యో, అంతర గాంధారం పెడితే ర్యూక్యూ. ఇప్పుడు అదే చట్రాన్ని పంచమం నుంచి పై షడ్జం దాకా ఇంకోసారి పేర్చు. మొదటిది కర్ణాటక శుద్ధసావేరి, రెండోది శుద్ధసావేరి, మూడోది శుద్ధధన్యాసి, నాలుగోది గంభీరనాట. మధ్యలో ఒక్క మెట్టు జరిపితే మన నాలుగు రాగాలు వరుసగా నిలబడతాయి. పాఠంలో పిల్లలకు ఇది వీణ మీద చూపిస్తే వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి.

అయినా అవి ఆ రాగాలు కావు. మనకు తంబూర ఆగదు, ప్రతి స్వరమూ ఆ షడ్జంతో కొలుచుకుంటుంది. వాళ్ళకు వెనక ఆధారశ్రుతి లేదు. పాట ఏ చట్రంలో ఉంటే ఆ చట్రం కొసలే ఆ క్షణానికి ఆధారం, మధ్య స్వరం వాటి వైపు లాగబడుతుంది. నీకు మోహనం వినిపించకపోవడానికి సగం కారణం ఇదే.

కంఠవైద్యుడు:
మిగతా సగం గొంతులో ఉంది. హైదరాబాద్‌లో గొంతు సమస్యలకు వైద్యం చేస్తుంటాను, గాయకులు కూడా వస్తుంటారు, ఆ వైపు నుంచి చెబుతాను.

మామూలుగా మాట్లాడే గొంతులో స్వరతంత్రులు మందంగా, అంచు మొత్తం కలిసేలా కంపిస్తాయి. దీన్ని వాళ్ళు జిగోఎ అంటారు. తంత్రులు సాగి పల్చబడి అంచులు మాత్రమే తాకుతూ కంపిస్తే సన్నటి గొంతు వస్తుంది, అది ఉరాగోఎ. మన గురువులు దొంగగొంతు అనేది దీన్నే. ఒక దాన్నుంచి ఇంకోదానికి మారేచోట విరుపు వినిపిస్తుంది. పాశ్చాత్య శాస్త్రీయ గానం ఆ విరుపు కనబడకుండా నున్నగా చేయమంటుంది. మన దగ్గర తారస్థాయిలో కూడా దొంగగొంతుకు పోకూడదని గురువు మందలిస్తారు. జపనీస్ బాణీలు చాలావాటిలో ఆ విరుపే అలంకారం. దాన్ని దాచరు, పాటలో ఏ అక్షరం మీద పడాలో ఎంచుకుని మరీ పెడతారు.

అంటే శ్రుతిపెట్టె గారి ప్రశ్నకు నా జవాబు: గమకం ప్రధానంగా స్వరస్థానాల మధ్య ప్రయాణం, గొంతు రంగు మారకుండా. కొబుషిలో స్వరప్రయాణం చిన్నది, దానితోపాటు గొంతు పట్టు, రంగు కూడా మారుతాయి. స్వరం మాత్రమే రాసుకుని పాడితే అందుకే వేరేగా వస్తోంది.

శ్రుతిపెట్టె:
డాక్టర్ గారూ, ఇది వినగానే ఒక పాట మళ్ళీ పెట్టుకుని విన్నాను. మీరు చెప్పినట్టే ఉంది. స్వరం మారకుండా గొంతు మాత్రమే సన్నబడిన చోటు కూడా దొరికింది! నేను ఇన్నాళ్ళూ స్వరాలనే వింటున్నాను. మరి ఈ విరుపు బాగా ఎక్కువగా వాడే బాణీ ఏది?

ఒసాకావాసి:
అమామి. సందేహమే లేదు.

క్యూషూకూ ఒకినావాకూ మధ్య ఉండే దీవులు. అక్కడి షిమాఉతా పాటల్లో గొంతు చటుక్కున ఉరాగోఎలోకి ఎగిరి వచ్చేస్తుంది, ఆ ఎగురును గుయిన్ అంటారు. ఒక్క అచ్చు మీదే అలా జరిగిపోతుంది. మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి పాటకు ఒకరు పాటతో జవాబిచ్చే ఆట అక్కడుంది. శ్రుతి మార్చరు, ఇద్దరికీ ఒకటే. అందుకే మగవాళ్ళు బాగా ఎత్తుకు పోవాలి, ఉరాగోఎ లేకపోతే కుదరదు అని అక్కడివాళ్ళు చెప్పే కారణం. ఆ నేలలో పెరిగిన హజిమె చితోసె 2002లో పాప్ పాటతో వచ్చినప్పుడు జపాన్ అంతా ఆ గుయిన్ విని ఉలిక్కిపడింది. వాయిద్యాలన్నీ కొత్తవి, గొంతు మాత్రం దీవిది.

టీచర్ గారి చట్రానికి ఒక ముక్క కలుపుతాను. గంభీరనాట వరుస ఒకినావాది. అది ఉత్తరంగా యోరోన్, ఒకినోఎరాబు దీవుల దాకా వచ్చి ఆగిపోతుంది. ఆపైన తొకునోషిమా, అమామి ఒషిమాలలో ప్రధాన భూభాగపు వరుసలు. వాయిద్యం ఒకటే, సాన్షిన్ అనే తీగవాయిద్యం, సముద్రం ఒకటే, స్వరవరుస మాత్రం నీళ్ళ మధ్యలో గీత గీసినట్టు మారిపోతుంది. ఈ విషయం తెలిసినప్పటి నుంచి ఆ పటం చూస్తే నాకు పాటలే వినిపిస్తాయి.

సప్పొరోమంచు:
దక్షిణం గురించే చెబుతున్నారు, ఉత్తరం కూడా రావాలి. హొక్కాయిదోలో ఎసాషి అనే రేవు ఊరుంది. ఒకప్పుడు హెర్రింగ్ చేపల వేటతో కళకళలాడిన ఊరు. ఎసాషి ఒయివాకే అక్కడి పాట. 1963 నుంచి ఏటా జాతీయస్థాయి పోటీ పెడుతున్నారు, ఆ ఒక్క పాటకే! వచ్చినవాళ్ళందరూ అదే పాడతారు. సెప్టెంబరులో ఆ ఊరు వెళితే పొద్దున్నుంచీ అదే పాట వింటూ కూర్చోవచ్చు, విసుగు రాదు. ఒక్కో గొంతులో ఒక్కో సముద్రం.

తాళం లేదు. షకుహాచి వేణువు నీడలా వెంట నడుస్తుంది. ప్రధాన భాగం ఏడు పాదాలు, పాదానికి ఒక ఊపిరి, ఏడు ఊపిరుల్లో పూర్తవ్వాలి. మాటలు చాలా తక్కువ, అచ్చును పట్టుకుని సాగదీస్తూ దానిమీదే మెలికలన్నీ. మధ్యలో ఊపిరి తెగితే పాట తెగినట్టే. గాయకుడు ఊపిరి తీసుకునే సందుల్లో పక్కనున్నవాళ్ళు సోయి అనే కేక అందిస్తారు. అది చప్పట్లకోసం కాదు, ఆ ఖాళీని మోయడానికి.

కొయిజుమి జానపదాలను రెండు జాతులుగా చూశాడు: తాళం లేకుండా సాగేవి ఒయివాకే తరహా, తాళానికి కట్టుబడినవి యాగిబుషి తరహా. చేపలవాళ్ళు వల లాగుతూ పాడే సోరాన్‌బుషి రెండో రకం. అందులో గొంతు నాజూకు అక్కర్లేదు, వల లాగే చేతులకు ఊపు అందాలి.

తెనాలిపద్యం:
ఏడు పాదాలు, ఏడు ఊపిరులు అని చదవగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మా వైపు రంగస్థల పద్యంలో చివరి అచ్చు పట్టుకుని రాగం తీస్తుంటే జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఆ పాట విన్నాను. నాకు భాష రాదు, కానీ దమ్ము ఎక్కడ తీస్తున్నాడో, ఎక్కడ దాచుకుంటున్నాడో తెలిసింది. నాటకాల్లో ఇలాంటి పాడకం ఉందా అక్కడ? పాత్ర పలుకుతూ పలుకుతూ పాటలోకి ఎక్కడం?

ఒసాకావాసి:
ఉంది, నేనుండే ఊళ్ళోనే పుట్టింది. గిదాయూ బాణీ. తకెమొతో గిదాయూ (1651–1714) 1684లో ఒసాకాలో తన బొమ్మలాటశాల తెరిచాడు, చికమత్సు మొన్‌జాఎమొన్ ఆయన కోసం నాటకాలు రాశాడు. ఈనాటి బున్‌రాకు బొమ్మలాటకు గొంతు అదే.

తాయూ అనే గాయకుడు ఒక్కడే. ముసలమ్మ, సమురాయ్, పసిపిల్ల, కథ చెప్పేవాడు, వర్షం, అన్నీ ఆయన గొంతే. మాటను కోతోబా అంటారు, పాటను ఫుషి. ఈ రెంటికీ మధ్య మాటా కాని పాటా కాని దశ ఒకటుంది, ఇరో. తెనాలిపద్యం గారూ, మీరడిగింది సరిగ్గా అదే. మాట్లాడుతూ ఉండగానే గొంతు ఏ అక్షరం దగ్గర నేల విడిచిందో పట్టుకోలేం. పక్కన లావు మెడ షామిసెన్ వాయించే ఆయన తోడు వాయించడు, ఎదురు నిలబడతాడు. ఒక్క మీటు వేసి ఆగితే, ఆ ఆగినచోట తాయూ ఏడవాలి.

కూర్చునే పద్ధతి చూడండి. కాలివేళ్ళు మడిచి నేలకు ఆనించి, పిరుదుల కింద చిన్న పీట పెట్టుకుంటారు. పొట్ట చుట్టూ గట్టి పట్టీ కడతారు. కిమోనో లోపల పొట్ట దగ్గర ఇసుకో గింజలో నింపిన సంచీ దోపుకుంటారు. ఆ బరువు, ఆ బిగువు ఉంటే పొట్టలోంచి గాలి తన్నుకొస్తుంది. పెద్ద నవ్వు సన్నివేశాలుంటాయి. చిన్నగా మొదలై పెరిగి పెరిగి సభ మొత్తాన్ని కదిలిస్తుంది, అది పూర్తికాగానే చప్పట్లు మోగిపోతాయి. ఏడో తకెమొతో సుమితాయూ (1924–2018) తన 89వ ఏట దాకా ఇలా పాడి 2014లో వేదిక దిగారు.

తెనాలిపద్యం:
పొట్టకు ఇసుక సంచీ! మా పాత నటులు నడుముకు పంచె బిగించి కట్టేవాళ్ళు. మా మాస్టారు "పద్యం గొంతులోంచి కాదురా, బొడ్డులోంచి రావాలి" అనేవాడు. ఆయన తెల్లారుజామున చెరువు గట్టుమీద సాధన చేయించేవాడు. గొంతు పగిలితేనే గొంతు వస్తుందని నమ్మేవాడు. జపాన్‌లోనూ అలాగే ఉంటే నాకు ఆశ్చర్యం లేదు.

సప్పొరోమంచు:
ఉంది. మంచుకాలపు సాధన. ఎచిగో ప్రాంతంలో, అంటే నేటి నీగాతాలో, గోజె అనే అంధ గాయనులు ఊరూరూ తిరిగి షామిసెన్ మీద కథలు పాడేవాళ్ళు. వాళ్ళలో ప్రపంచానికి తెలిసిన చివరి పెద్దావిడ కొబయాషి హరు (1900–2005). పసికందుగా ఉన్నప్పుడే చూపు పోయింది. చిన్నప్పుడు నడిచలికాలంలో పలుచటి బట్టలతో నది ఒడ్డున నిలబెట్టి గొంతెత్తి పాడించేవారు. దుప్పట్లు కప్పుకుని వినేవాళ్ళ దాకా గాలిని చీల్చుకుని వెళ్ళాలి ఆ గొంతు. ఆమె రికార్డింగులున్నాయి. ముసలితనంలో కూడా ఆ పాటలో మెత్తదనం కోసం వెతక్కండి, నిటారుగా వస్తుంది.

కంఠవైద్యుడు:
హరు గారి గొంతంటే నాకూ గౌరవమే. కానీ గొంతు పగలగొట్టుకోవడం అనే మాట ఇక్కడ చదివే పిల్లలు పట్టుకుంటారని భయం. అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఉనారిలో గానీ రోక్యోకు జీరలో గానీ వినిపించే గరుకు, చాలాసార్లు తంత్రులు దెబ్బతిని వచ్చేది కాదు. తంత్రులకు పైన ఉండే కండరపు మడతలను దగ్గరికి లాగి, వాటిని కూడా కంపింపజేస్తారు. తంత్రులు కింద మామూలుగానే ఆడుతుంటాయి. కావలసినప్పుడు గరుకు వస్తుంది, వద్దన్నప్పుడు పోతుంది. అది నైపుణ్యం. అదే పొద్దున లేవగానే బొంగురు, సాయంత్రానికి స్వరం పలకకపోవడం, మింగితే నొప్పి అయితే అది గాయం. తంత్రుల మీద కాయలు కట్టినవాళ్ళను వారం వారం చూస్తుంటాను. రక్తం వచ్చేదాకా పాడిన పాత కథల్లో బతికి బయటపడ్డవాళ్ళ పేర్లే మనదాకా వచ్చాయి, గొంతు పోయి ఊరుకున్నవాళ్ళు ఎంతమందో ఎవరూ రాసిపెట్టలేదు.

తెనాలిపద్యం:
డాక్టర్ గారూ, మీ చివరి మాట బరువైనది, తోసిపుచ్చను. అయినా సాధన కఠినంగా లేకుండా ఆ గొంతు రాదన్న నా నమ్మకం నాది. కఠినం వేరు, క్రూరం వేరు. ఇసుక సంచీ కఠినం కిందే వస్తుంది.

మికుఫ్యాన్:
అన్నలూ, ఒక మాట. ఇక్కడ జపాన్‌లో కుర్రాళ్ళు కొబుషి నేర్చుకునేది గురువు దగ్గర కాదు, కరోకే గదిలో! పాట అయ్యాక తెరమీద మార్కులతోపాటు కొబుషి ఎన్ని, షకురి ఎన్ని, వైబ్రాటో ఎంతసేపు అని విడివిడిగా చూపిస్తుంది. 1971లో కోబెలో ఇనోఉఎ దాయిసుకె తన కరోకే యంత్రం తయారుచేసినప్పుడు అది తోడు సంగీతం మాత్రమే ఇచ్చేది, ఇప్పుడు పరీక్ష కూడా పెడుతోంది. నాకు ఇది మంచిదే అనిపిస్తుంది. పేర్లు, తేడాలు అందరికీ తెలిశాయి కదా. ఇంకా చెప్పాలంటే కంప్యూటర్ పాడే గొంతు హత్సునె మికు 2007లో వచ్చాక ఊపిరే అక్కర్లేని గొంతుకోసం పాటలు కట్టారు. ఆ వేగాన్ని, ఆ ఎత్తుల్ని ఇప్పుడు మనుషులు పాడుతున్నారు. అది కూడా జపనీస్ గాత్రసాధనే అని నా వాదన.

వీణటీచర్:
నాయనా, పేర్లు తెలియడం మంచిదే, ఒప్పుకుంటాను. కానీ యంత్రం స్వరం ఎంత కదిలిందో కొలుస్తుంది, ఎక్కడ పడాలో అది చెప్పలేదు. పాటంతా మెలికలు చల్లితే లెక్క పెరుగుతుంది, పాట చస్తుంది. మా దగ్గర కూడా ప్రతి స్వరాన్నీ ఊపే పిల్లలున్నారు. నిలకడగా ఉండాల్సిన పంచమాన్ని నిలకడగా ఉంచడం వాళ్ళకు నేర్పడానికి ఎంత కష్టపడాలో! ఒసాకావాసి గారు పైన చెప్పారు చూడు, యూరికి ముందు స్వరం కదలకుండా ఉంటుందని. ఆ నిలకడను ముందు నేర్చుకో. మికు సంగతి నువ్వన్నది నిజమే, అలాంటి పాటను ఒకే ఊపిరిలో పాడగలిగిన పిల్లను చూస్తే నాకూ ముచ్చటేస్తుంది.

శ్రుతిపెట్టె:
ఎవరైనా నో అనే పాత జపనీస్ నాటకంలోని పాట గురించి చెబుతారా? ఒకసారి విన్నాను. గంభీరంగా ఉంది కానీ పాటలా అనిపించలేదు. గుంపుగా ఏదో పఠిస్తున్నట్టుంది.

ఒసాకావాసి:
నో గానాన్ని ఉతాయి అంటారు. నటుడు, నాటకకర్త జెయామి (సుమారు 1363–1443) కాలం నుంచి వస్తున్న కళ. ప్రధాన పాత్ర పోషించే పరంపరలు ఐదు: కాన్జె, హోషో, కొంపారు, కొంగో, కితా. పక్కన కూర్చుని పాడే బృందంలో సాధారణంగా ఎనిమిదిమంది ఉంటారు.

రెండు గొంతులున్నాయి. యొవాగిన్ మెత్తటిది. కింద, మధ్య, పైన అని మూడు మెట్లు, ఒక్కో మెట్టుకూ మధ్య దూరం షడ్జం నుంచి శుద్ధ మధ్యమం అంత. విషాదానికీ ప్రేమకూ ఇది. త్సుయోగిన్ బలమైనది. యుద్ధం, దేవతలు, దయ్యాలు. ఇందులో ఆ మెట్ల మధ్య దూరం కుంచించుకుపోతుంది, ఊపిరి ఒత్తిడి, బలమైన ఊపు మాత్రమే మిగులుతాయి. మీకు పఠనంలా వినిపించింది బహుశా ఇదే. స్వరం దాదాపు అక్కడే ఉంటుంది, లోపలి శక్తి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. శ్రుతి కూడా ఇదీ అని ముందే నిర్ణయం కాదు. పాడేవాడి గొంతు, ఆనాటి పాత్ర నిర్ణయిస్తాయి. పుస్తకంలో అక్షరాల పక్కన నువ్వుగింజల్లాంటి గుర్తులు తప్ప స్వరలిపి ఉండదు, మిగతాదంతా గురువు నోటి నుంచే. దీన్ని పాట కాదనే వాదన ఒప్పుకోను. స్వరం కదలకపోయినా రాగం ఎలా నడుస్తుందో చూపించే పాట ఇది.

వీణటీచర్:
ఆ గుర్తుల పద్ధతికి మూలం బౌద్ధ పఠనంలో ఉంది, షోమ్యో. క్యోటో పక్కన ఒహారాలో ర్యోనిన్ (1073–1132) అనే భిక్షువు దాన్ని ఒక పరంపరగా నిలబెట్టాడు. ఆయన జలపాతం ఎదుట సాధన చేస్తుంటే గొంతూ నీటిహోరూ ఒకటై చివరకు జలపాతం చప్పుడే వినిపించలేదని అక్కడి ఐతిహ్యం. ఆ జలపాతానికి నిశ్శబ్ద జలపాతమనే పేరు. షోమ్యోలో సంస్కృత స్తోత్రాలు కూడా ఉన్నాయి, చైనా ఉచ్చారణలోంచి వచ్చి గుర్తుపట్టలేనంతగా సాగిపోయాయి. మన దేశంనుంచి వెళ్ళిన బోధిసేనుడు 736లో జపాన్ చేరి, 752లో నారాలో మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం, అంటే కళ్ళు తెరిపించే క్రతువు, చేశాడు. ఆ వేడుకలో భిక్షువులు స్తోత్రపాఠం చేశారు. అమ్మాయ్, నో వినే ముందు ఒకసారి షోమ్యో విను. ఒక్కో అక్షరం ఎంత నెమ్మదిగా విచ్చుకుంటుందో చెవికి అలవాటయ్యాక ఉతాయి పాటలాగే వినిపిస్తుంది.

మికుఫ్యాన్:
టీచర్ గారూ, నిలకడ మాట రాసుకున్నాను. ఇంకో సంగతి, పాప్ తార ఉతాదా హికారు అమ్మ ఫుజి కెయికో (1951–2013) ఎన్కా గాయని అని తెలుసు కానీ, ఆవిడ అమ్మానాన్నలు రోక్యోకు కళాకారులని ఈమధ్యే తెలిసింది. అమ్మమ్మ చూపులేని షామిసెన్ కళాకారిణి. ఒసాకావాసి అన్న చెప్పిన దారి మొత్తం ఒకే ఇంట్లో ఉంది! ఉతాదా పాటల్లో గొంతు సన్నబడే చోట్లు ఇప్పుడు వేరేగా వింటున్నాను.

శ్రుతిపెట్టె:
అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. టీచర్ గారు చెప్పిన క్రమంలో షోమ్యో, ఉతాయి వింటున్నాను. హిబారి పాటలో ఒక్క చరణం తీసుకుని, మెలికలన్నీ వదిలేసి నిలకడగా పాడి, తర్వాత ఒకే ఒక్క చోట గొంతు సన్నబరుస్తున్నాను. కొంచెం కొంచెం వస్తోంది. ఇంకో విషయం, బంధువుల ఇంటికి ఒసాకా వెళ్ళే అవకాశం ఉంది. తాయూను ఎదురుగా వినాలంటే ఏం చేయాలి?

ఒసాకావాసి:
తప్పకుండా వినండి. 1984లో కట్టిన జాతీయ బున్‌రాకు రంగశాల నిప్పొన్‌బాషి దగ్గర ఉంది. ఏడాది పొడుగునా ఉండదు, ప్రదర్శనల నెలలు ముందే చూసుకోండి. పూర్తి ఆట చాలాసేపు సాగుతుంది, ఒక్క అంకానికి మాత్రం టికెట్ కూడా ఇస్తారు, కొత్తవాళ్ళకు అది చాలు. సీటు కుడివైపు తీసుకోండి. తాయూ, షామిసెన్ కూర్చునే అరుగు ప్రేక్షకులకు కుడి పక్కన ఉంటుంది, తిరిగే బల్ల మీద వాళ్ళు లోపలినుంచి వస్తారు. ముందు వరుసల్లో కుడి చివర కూర్చుంటే ఆయన ఊపిరి లాగడం కూడా వినిపిస్తుంది. పాడేది వేదిక పైన తెరమీద జపనీస్‌లో వేస్తారు, కథ మాత్రం ముందు చదువుకుని వెళ్ళండి. మొదలుపెట్టే ముందు తాయూ పుస్తకాన్ని రెండు చేతులతో నుదుటికి ఎత్తుతాడు, అప్పటికి సీట్లో ఉండేలా వెళ్ళండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ నెల ఏ కథ వేస్తున్నారో చూసి చెబుతాను.